లాస్య చప్పట్లు

రండమ్మా, దగ్గరికి జరగండి. ఆ గోడకి ఆనుకున్న వాళ్ళు కూడా. ప్రసాదం ఎక్కడికీ పోదు. ముందు మా గురువుగారు విరూపాక్షయ్య గారి మాట ఒకటి వినండి.

ఆయన శిష్యురాలు హైమావతి సామర్లకోటలో తన ఇంట్లోనే ఏడుగురు పసిపిల్లల్ని చూసుకునేది. ఒక శుక్రవారం కళ్ళు తుడుచుకుంటూ వచ్చి గురువుగారికి దణ్ణం పెట్టింది. "పగలంతా నేను నేర్పిన బుద్ధి ఇంటికెళ్ళగానే తల్లి పాడుచేస్తుంటే, తప్పెవరిది గురువుగారూ?" అని అడిగింది.

గొడవంతా రెండున్నరేళ్ళ లాస్య గురించి. హైమావతి దగ్గర గంటకోసారి బుద్ధిగా ఒంటేలు పీట మీద కూర్చుని పని ముగించే పిల్ల, సొంతింట్లో రోజూ పొద్దున్నే వంటింటి నేల తడిపేస్తోంది. మీ దగ్గర నాలుగు నెలలుగా ఏం నేర్చుకుందని తల్లి ప్రసన్నలత దెప్పింది. ఒళ్ళు వంచని తల్లికి నేనేం చెయ్యనని హైమావతి అంది. మాటా మాటా పెరిగి, సోమవారం నుంచి పిల్లని తీసుకురావద్దని చెప్పేసింది. ప్రసన్నలతది పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం. పిల్లని దింపడానికి ఊళ్ళో ఇంకో చోటు లేదు, పెట్టడానికి సెలవు మిగల్లేదు.

ఆదివారం ముగ్గురూ రండన్నారు గురువుగారు.

ఆదివారం ఆయన స్నానం చేసి, మడి పంచె కట్టుకుని, నైవేద్యం కోసం వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నారు. చెరో పక్కా చేరిన ఆడవాళ్ళిద్దరూ ఆయనతోనే మాట్లాడుతున్నారు, ఒకరితో ఒకరు కాదు. లాస్య మడీ గిడీ చూడకుండా వెళ్ళి ఆయన ఒళ్ళో కూర్చుంది. అదే సమయానికి లోపల గురుపత్ని పెట్టిన కుక్కరు, కూత వెయ్యబోయే ముందు, సన్నగా ఉస్స్‌మంది.

పిల్ల ముఖం గంభీరమైపోయింది. బుద్ధిగా మోకాళ్ళు ముడుచుకుని, ఆ మడి పంచె మీదే పని ముగించింది.

"చూశారా, ఇదీ వీళ్ళింటి పెంపకం" అంది హైమావతి. "చూశారా, ఇదీ ఈవిడ నేర్పిన చదువు" అంది ప్రసన్నలత. లాస్య మాత్రం హైమావతి వైపు తిరిగి చప్పట్లు కొట్టింది. ఆవిడ కొట్టకపోయేసరికి మళ్ళీ కొట్టి, ఎదురుచూసింది.

గురువుగారు తడి పంచెతోనే, పిల్లని దింపకుండా అడిగారు. "పీట మీద కూర్చోబెట్టి నువ్వేమంటావు హైమా?"

"ఉస్స్ అంటానండి. అవగానే చప్పట్లు కొడతాను." చెబుతుండగానే ఆవిడ చూపు వంటింట్లో కుక్కరు వైపు మళ్ళింది.

"మరి మీ ఇంట్లో ఎప్పుడు తడుపుతుందమ్మా?"

"పొద్దున్న... కుక్కరు పెట్టినప్పుడండి" అంది ప్రసన్నలత. వెంటనే హైమావతి వైపు తిరిగి, "ఆ ముక్క నాకెప్పుడూ చెప్పలేదేమండీ?" అంది.

"ఎప్పుడు చెప్పనమ్మా? స్కూటరు ఇంజనైనా ఆపకుండా పిల్లని గేటు మీంచి అందించి వెళ్ళిపోతావు. పోనీలే అని నేనూ ఏనాడూ పిలవలేదు."

గురువుగారు ముందు పిల్లకి పొడి గౌను తొడిగించారు. తరవాత మళ్ళీ స్నానానికి లేస్తూ, "ఈ బుల్లి శిష్యురాలు నేర్చుకుంది. గురువులిద్దరూ ఎప్పుడైనా కలిసి కూర్చున్నారా?" అని నూతి దగ్గరికి వెళ్ళిపోయారు.

సోమవారం పొద్దున్న హైమావతి గేటు ముందు స్కూటరు వచ్చి ఆగింది. ఇంజనూ ఆగింది. ఆ ఇల్లాలు దిగి, అరుగు మీద కూర్చుంది.

మిగతా కథంతా మరిచిపోయినా ఫరవాలేదమ్మా. ఆ ఇంజను ఆపడం ఒక్కటీ గుర్తుంచుకోండి. రేపు పొద్దున్న మీరూ ఆపి, దిగండి.