ఎలుగమ్మ పోసిన ఇప్పపూల గుట్ట

అన్నం తింటూ అన్నం రుచి చూసి ఎన్నాళ్లయింది మీకు? అవును, మిమ్మల్నే. ఫోను చూస్తూ తిన్నది లెక్కలోకి రాదు. "ముందు ఈ పరీక్షలు కానీ, ముందా ఉద్యోగం రానీ" అనుకుంటూ మింగిందీ రాదు. ఆలోచిస్తూ ఉండండి, ఈలోపు ఒక ఎలుగుబంటి సంగతి చెబుతాను.

కొండవాలున ఇప్పచెట్లు పూలు రాల్చే రోజులు. తెల్లారేసరికి నేలంతా తియ్యటి వాసన. ఎలుగమ్మ వీపు మీద ఆమె పిల్ల బుడ్డోడు బొచ్చు పట్టుకుని ఊగుతూ వచ్చేవాడు. ఎలుగుల ఇంట అదే ఆనవాయితీ: పిల్లల సవారీ తల్లి వీపు మీద, పొద్దుటి భోజనం చెట్టు కింద.

ఆ ఏడు నక్క మరిది దాపురించాడు.

"ఏంటి వదినా, దొరికింది దొరికినట్టు నోట్లో వేసుకుంటే సంసారం నిలుస్తుందా? కింద గూడెంలో మనుషుల్ని చూడు. ఎండబెట్టి బుట్టలకెత్తుకుంటారు. నువ్వూ గుహలో గుట్ట పోసుకో. పూత అయిపోయాక తల్లీపిల్లా కాలు మీద కాలేసుకుని తినొచ్చు. కాపలా నేనుంటాలే, పరాయివాణ్ణా?"

ఆ మాట ఎలుగమ్మ తలకెక్కింది. మర్నాటి నుంచి ఆమె వీపు మీద బుడ్డోడికి బదులు అడ్డాకుల్లో కట్టిన పూల మూట ఎక్కింది.

"అమ్మా, ఒక్క పువ్వు!"

"గుట్ట నిండాక."

"పోనీ, వీపెక్కనా?"

"నిన్ను మోస్తూ పూలెట్లా మోస్తానురా? గుట్ట నిండాక ఎక్కుదువు, నడువు."

ఒక పొద్దున బుడ్డోడు గూడెం వైపు తొంగిచూసి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా! అక్కడ అవ్వలు పూలేరుతూనే నోట్లో వేసుకుంటున్నారే! పాటలు కూడా పాడుతున్నారు!"

నక్క గబుక్కున అందుకున్నాడు. "పిల్లకాయ మాటలు వదినా! పని మధ్యలో ఎవరైనా తింటారా?"

ఎలుగమ్మ ఒక్కసారి తల తిప్పి చూసి ఉంటే కథ అక్కడే అయిపోయేది. చూడలేదు. చూడ్డానికి తీరికేది మరి!

పూత ఆగింది. కొమ్మలకు ఎర్రటి చిగురొచ్చింది.

"రారా బుడ్డోడా, ఇవాళ మనకు పండగ!" అంటూ ఎలుగమ్మ గుట్టలో పంజా పెట్టింది. పైన వేలెడు మందాన పూలు, అవీ పులిసి కంపు కొడుతున్నాయి. కింద మొత్తం ఎండుటాకులు. గుహ గుమ్మంలో నక్క, గుమ్మడికాయంత పొట్టతో.

"దొంగవెధవా! అన్నీ తినేశావా?"

"తిన్నాను వదినా. ఏ రోజు పువ్వు ఆ రోజే, తడి ఆరకముందే తిన్నాను. నీ కాళ్ల ముందే రాలాయి కదా, నీ నోరేమైనా కట్టేశానా? పూలంటే నేనే దొంగిలించాను, ఒప్పుకుంటున్నా. వాడు వీపెక్కుతానని ఏడ్చిన పొద్దుల్ని కూడా నేనే దొంగిలించానా?"

అంటూనే పొదల్లోకి జారుకున్నాడు.

ఎలుగమ్మకు తరమబుద్ధి కాలేదు. బుడ్డోడి ముందు వంగింది. "ఎక్కరా నాన్నా."

వాడు ఎక్కాడు. ఈలోపు ఎంత ఎదిగాడో, కాళ్లు నేలకు రాసుకున్నాయి. నాలుగడుగులు వేసేసరికి తల్లి నడుం కుంగిపోయింది.

"వద్దులే అమ్మా," అన్నాడు దిగిపోతూ. "పక్కన నడుస్తా."

ఆ మాటలో అలక లేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

కొంతదూరం పోయాక బుడ్డోడు ముక్కు ఎగబీల్చాడు. "అమ్మా, పుట్టలో చెదలు! బోలెడు!"

"సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు..." అనబోయి ఎలుగమ్మ నాలుక కరుచుకుంది. అక్కడే చతికిలబడి పుట్ట తవ్వింది. ఇద్దరూ మూతులు దూర్చి జుర్రుకున్నారు. ఒకరి మట్టిమొహం చూసి ఒకరు నవ్వుకున్నారు.

దాచుకోవడం తప్పని నేననను. గూడెం అవ్వలూ దాచుకున్నారు, కానీ తింటూ, పాడుకుంటూ దాచుకున్నారు. పువ్వునైతే రేపటికి ఎండబెట్టుకోవచ్చు, ఈ పొద్దును ఎండబెట్టుకోలేం.

ఇక నాదొక్కటే కోరిక. ఇంట్లో ఎవరో ఒకరు ఇందాకటి నుంచి మిమ్మల్ని పిలుస్తూనే ఉండుంటారు. "ఒక్క నిమిషం" అనకండి. లేచి వెళ్లండి.