మోకు చెప్పిన మాట

అనగనగా ఒక రాజ్యం. అక్కడ నీళ్ళకి కరువు గానీ మాటలకి కరువు లేదు.

ఆ రాజుగారి కొలువులో ముగ్గురు పండితులు ఉండేవాళ్ళు. ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు వాళ్ళు మూడు ప్రశ్నలు తేల్చాలి. ఉన్నదేమిటి? ఉన్నట్టు మనకెలా తెలుసు? ఇప్పుడేం చెయ్యాలి? మొదటిది తేలకుండా రెండోదానికి, రెండోది తేలకుండా మూడోదానికి పోకూడదు. తాతముత్తాతల నాటి కట్టడి అది. ఆ ఊళ్ళో పెళ్ళి ముహూర్తాలు కూడా దాటిపోయేవంటే చూసుకోండి!

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. సభామండపం ముందే బావి తవ్వమన్నాడు రాజు. ఎంగన్న, అతని తమ్ముడు తిరుపాలు లోపల తవ్వుతుంటే, ఎంగన్న పెళ్ళాం పోలమ్మ పైన మోకుతాడు పట్టుకుని మట్టిగంపలు లాగేది.

బావిలోంచి కేక వేస్తే గింగురుమంటుంది గానీ మాట తెలియదు. అందుకే వాళ్ళకి మోకే నోరు. ఒక్క గుంజు గుంజితే గంప నిండినట్టు. మూడు గుంజితే ప్రాణం మీదికొచ్చినట్టు.

ఎనిమిది నిలువుల లోతుకి పోయాక ఒక రోజు పొద్దున్నే బావి గోడ విరిగి అడ్డంగా ఇరుక్కుంది. దాని మీద మట్టి జారి పేరుకుంది. అన్నదమ్ములిద్దరూ దాని కిందే ఉండిపోయారు.

దుమ్ము అణిగింది. పోలమ్మ మోకు వదల్లేదు. అరచేతిలో సన్నగా ఒక గుంజు. ఇంకోటి. ఇంకోటి.

"బతికే ఉన్నారు దొరా! మండపం చెక్క పలకలు పీకి ఇప్పించండి, గోడకి ఊతం పెట్టి దిగుతాం!" అని అరిచింది. పదిమంది పారలు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు.

రాజు పండితుల వైపు చూశాడు.

మొదటాయనది లోకాయత మతం. కంటికో చేతికో స్వయంగా తెలిసిందే నిజం, మిగతాదంతా లేదు అంటారు వాళ్ళు. ఆయన వంగి బావిలోకి చూశాడు. "మట్టి కనపడుతోంది. మనుషులు కనపడట్లేదు. కాబట్టి ఉన్నది మట్టే."

"నా చేతికి తెలుస్తోంది సామీ!"

"నీ చెయ్యి తాకింది మోకుని, మొగుణ్ణి కాదు."

పొద్దు నడినెత్తికొచ్చింది.

రెండో ఆయనది న్యాయ మతం. గుర్తుని బట్టి కనపడనిదాన్ని ఊహించి, ఆ ఊహని తూకం వేసే శాస్త్రం అది. "పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే. గుంజు ఉంటే మనిషి ఉండొచ్చు. కానీ మట్టి కుంగినా మోకు గుంజుతుందిగా? నీ వాదంలో దోషం ఉందమ్మా."

"మట్టికి లెక్కలొచ్చా సామీ? సరిగ్గా మూడు గుంజి ఆగుతోంది!"

జనం గొల్లున నవ్వారు. ఆయన మొహం వెలిగింది. "భలే మాటన్నావు! దీని గురించి ఆలోచించాల్సిందే" అని చాప తెప్పించుకుని కూర్చున్నాడు.

పొద్దు వాలింది. మూడు గుంజులు రెండయ్యాయి.

మూడో ఆయన అద్వైతి. ఉన్నది ఒక్కటే, ఈ వేరువేరు రూపాలన్నీ మాయ అంటారు వాళ్ళు. "మసక వెలుతురులో తాడు పాములా కనపడుతుంది. ఈ లోకమూ అంతే. ఆత్మకి చావు లేదు. ఏడవకు తల్లీ."

"చావు లేకపోతే మంచిదే. ఈ మోకు కాస్త పట్టుకోండి సామీ, నా చేతులు చీరుకుపోయాయి."

ఆయన పట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత, జబ్బు చేసిన లేగదూడ పొదుగుని పొడిచినట్టు, ఒకే ఒక్క గుంజు.

ఆయన రాజు వైపు తిరిగాడు. "రాజా, ఉన్నదేమిటో నాకు తెలీదు. ఎలా తెలిసిందో చెప్పలేను. ముందు పలకలు పీకించండి!"

"మొదటి ప్రశ్నే తేలలేదు!" అన్నారు మిగతా ఇద్దరూ.

ఆయన వినలేదు. పైపంచె నడుముకి బిగించి, తానే మండపం ఎక్కి పలక పట్టుకుని లాగాడు. అది చూసి రాజు లేచాడు. జనం ఉరికారు.

దీపాలు పెట్టే వేళకి లోపలికి దారి పడింది. తిరుపాలు ఊపిరితో బయటికొచ్చాడు. ఎంగన్నని మోసుకొచ్చారు. మోకు మణికట్టుకి చుట్టుకుని ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది.

"గుంజింది అన్నే వదినా" అన్నాడు తిరుపాలు. "నా చేతులు మట్టిలో ఇరుక్కున్నాయి. అన్న ఊపిరి ఇందాకే ఆగిపోయింది."

"ఇప్పుడు కనపడుతున్నాడు" అని గొణిగాడు లోకాయత పండితుడు. అంతలోనే తల దించుకున్నాడు.

అద్వైతి పోలమ్మ ముందు చేతులు జోడించాడు. "మా ప్రశ్నలే నీ కొంప ముంచాయి తల్లీ."

"ప్రశ్నలు మంచివే సామీ" అంది పోలమ్మ, మొగుడి వేళ్ళలోంచి మట్టి తుడుస్తూ. "తీరిగ్గా ఎన్నైనా అడగండి. కానీ నోరు తెరిచే ముందు, మీ మాట అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని ఎవరన్నా ఎదురుచూస్తున్నారేమో చూసుకోండి."

తర్వాత ఆ బావిలో నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళే. పోలమ్మ మాత్రం బతికినంతకాలం వాటిని ముట్టలేదు.

పిల్లలూ, నిజాన్ని ఎన్నాళ్ళైనా వెతకొచ్చు. ప్రాణం మాత్రం అన్నాళ్ళు ఆగదు.