వట్టివేళ్ళు వేసిన నీళ్ళు

నల్లమద్ది కోన అనే అడవి ఒకటి ఉండేది. ఆ కోనలో దుప్పులు, కుందేళ్ళు, ఏదుపందులు, అడవిదున్నలు, కొండముచ్చులు కలిసిమెలిసి బతికేవి. కోనకు ఎగువన, కొండ మీద ఒక మడుగు ఉంది. రాళ్ళ సందుల్లోంచి ఊరే నీరు అందులో చేరేది. ఎంత ఎండాకాలమైనా ఆ మడుగు ఎండేది కాదు.

పూర్వం అందరూ కొండెక్కి నీళ్ళు తాగివచ్చేవారు. ముసలివాళ్ళకూ పసివాళ్ళకూ అది చాలా కష్టంగా ఉండేది. అప్పుడు కంబళరాయుడు అనే ఎలుగుబంటి ఒక ఉపాయం చేశాడు. వెదురు బొంగులు ఒకదానిలో ఒకటి దూర్చి, మడుగు నుంచి కోన దాకా వరసగా వేయించాడు. గుంపుకొక రాతి తొట్టి పెట్టించాడు. మడుగులో ఏదీ పడకుండా పైన పెద్ద పలకరాళ్ళు కప్పించాడు. నీళ్ళు ఇళ్ళ ముందుకే వచ్చాయి.

అందుకు బదులుగా కోనవాళ్ళు పండో, దుంపో, తేనెపట్టో తెచ్చి కంబళరాయుడి గుహ ముందు పెట్టేవారు. తన ఏర్పాటుకు ఆయన ‘నీటికొలువు’ అని పేరు పెట్టుకున్నాడు.

నీటికొలువులో ముఖ్యమైన పని దవనం అనే పునుగుపిల్లిది. దవనం ముక్కు చాలా చురుకైనది. రోజూ పొద్దు పొడిచే వేళకు తొట్టి దగ్గరికి వచ్చి నీళ్ళు వాసన చూసేది. తర్వాత బండెక్కి గట్టిగా కేక వేసేది.

“నీళ్ళు బాగున్నాయి, తాగండహో!”

ఆ కేక వినబడ్డాకే అందరూ తొట్ల దగ్గరికి వచ్చేవారు. తమ ముక్కుతో తాము వాసన చూసుకోవడం కూడా కోనవాళ్ళు మరిచిపోయారు. దవనం చెప్పిందంటే చాలు. అలా తన మాట మీద అందరూ తాగుతుంటే దవనానికి గర్వంగానూ ఉండేది, మురిపెంగానూ ఉండేది.

దవనం ఉండే పొదకు పక్కనే పొగడ అనే దుప్పి కాపురం. ఇద్దరూ ‘వదినా’ అంటే ‘వదినా’ అని పిలుచుకునేవారు. పొగడకు ఒక్కతే కూతురు. దాని పేరు చినుకు. ఒళ్ళంతా తెల్ల చుక్కలతో, కుదురు లేకుండా గంతులు వేస్తుండేది. పొద్దున్నే కేక వినబడగానే అందరికంటే ముందు చినుకే పరుగెత్తుకొచ్చేది.

“అత్తా, నేనే మొదట తాగుతా!” అనేది.

“తాగవే తల్లీ, నీకోసమేగా పిలిచింది” అనేది దవనం.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున దవనం తొట్టి మీదికి వంగి, ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. నీళ్ళలో సన్నగా కుళ్ళు వాసన. మళ్ళీ చూసింది. అనుమానం లేదు. ఆ రోజు కేక వేయకుండా కొండెక్కింది.

మడుగు మీద ఒక పలకరాయి పక్కకు జారిపోయి ఉంది. ఆ సందులోంచి లోపలికి చూసింది. నీళ్ళ అడుగున, రెండు బండల మధ్య, ఒక పెద్ద అడవిపంది చచ్చి ఇరుక్కుని ఉంది. దాహానికి వచ్చి, కాలుజారి పడినట్టుంది.

దవనం ఆయాసపడుతూ కంబళరాయుడి గుహకు పరుగెత్తింది.

“రాయుడుగారూ, మడుగులో పంది చచ్చిపడింది. నీళ్ళు చెడిపోయాయి. ఇప్పుడే బొంగులు మూసేయాలి.”

కంబళరాయుడు తింటున్న తేనెపట్టు పక్కన పెట్టాడు. పలకరాయి జారిందని కొండముచ్చులు చలికాలంలోనే ఆయనకు చెప్పాయి. ‘చూద్దాంలే’ అని ఊరుకున్నాడు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

“మూసేస్తే?” అన్నాడు.

“మడుగు తోడించి, పందిని తీయించి, శుభ్రం చేయించాలి. ఎనిమిది రోజులు పడుతుంది.”

“ఎనిమిది రోజులు! ఈ ఎండల్లో అందరినీ ఏటికి పొమ్మంటావా? దారిలో పడి చస్తే ఎవరిది బాధ్యత? పైగా నీటికొలువు నీళ్ళలో పంది చచ్చిందంటే రేపటినుంచి నా మొహం ఎవరు చూస్తారు?”

“మరి తాగేవాళ్ళకు జబ్బు చేస్తే?”

“ఇంత మడుగులో ఒక్క పంది. ఏమీ కాదు. నాలుగు చిల్లగింజలు అరగదీసి కలిపిద్దాం, నీళ్ళు తేటపడతాయి. రెండు మోపులు వట్టివేళ్ళు వేయిద్దాం, వాసన పోతుంది. వానలు పడ్డాక నెమ్మదిగా శుభ్రం చేయించవచ్చు.” ఆయన గొంతు తగ్గించాడు. “నీకు అంత భయంగా ఉంటే కొండ వెనక నా ఊట ఉంది. అక్కడ తాగు. ఎవరికీ చెప్పకు.”

దవనం తల వంచుకుని నిలబడింది. ఎనిమిది రోజులు నీళ్ళు లేకపోతే కష్టమేకదా అనుకుంది. పెద్దవాడు చెబుతున్నాడు కదా అనుకుంది. తన కొలువు పోతుందేమోనని కూడా అనుకుంది. ఆ చివరి మాట మనసులో ఎక్కువసేపు నిలబడనివ్వలేదు.

మర్నాడు పొద్దున తొట్లలో నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి. వట్టివేళ్ళ చల్లని వాసన గుప్పుమంటోంది. దవనం ముక్కుకు మాత్రం దాని కిందనే కుళ్ళు వాసన తెలుస్తోంది. బండెక్కింది. గొంతు సవరించుకుంది.

“నీళ్ళు బాగున్నాయి, తాగండహో!”

“వట్టివేళ్ళు వేయించారు, చూశారా!” అంటూ అందరూ కంబళరాయుణ్ణి మెచ్చుకున్నారు. కొర్రయ్య అనే ముసలి ఏదుపంది రెండుసార్లు తాగి, మీసాలు తుడుచుకున్నాడు. చినుకు కడుపు ఉబ్బేలా తాగింది.

“ఈ నీళ్ళు ఎంత బాగున్నాయో అత్తా! నువ్వూ తాగు” అంది.

“నేను తాగేశానమ్మా” అంది దవనం.

మూడు రోజులు అలాగే కేక వేసింది. మూడు రోజులూ కొండ వెనక ఊటకు వెళ్ళి తాగివచ్చింది.

నాలుగోరోజు కోనలో రోగం మొదలైంది. కుందేళ్ళు వరసగా పడిపోయాయి. వాంతులు, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. చినుకు కూడా మంచం పట్టినట్టు పడిపోయింది. ఎండుగడ్డి మీద పక్కకు వాలి, కాళ్ళు లాక్కుంటూ మూలిగింది.

కంబళరాయుడు వచ్చి చూసి, “ఎండదెబ్బ. నీళ్ళు బాగా తాగించండి” అని చెప్పి వెళ్ళాడు.

పొగడ దొప్పతో తొట్టి నీళ్ళు తెచ్చి కూతురి నోట్లో పోసింది. పక్కనే దవనం నిలబడి చూస్తోంది. చెప్పాలని నోరు తెరిచింది. పొగడ రెండో దొప్ప తేవడానికి లేచింది.

“వద్దు వదినా!” అని అరిచింది దవనం. “ఆ నీళ్ళు పోయకు!”

పొగడ ఆగిపోయింది. “ఏం?”

దవనం ఏడుస్తూ అంతా చెప్పింది. మడుగులో పంది సంగతి, చిల్లగింజల సంగతి, వట్టివేళ్ళ సంగతి. పొగడ కదలకుండా విన్నది. చివరికి ఒకే ఒక్క మాట అడిగింది.

“ఈ మూడు రోజులూ ఆ నీళ్ళు నువ్వు తాగావా?”

దవనం “లేదు” అంది.

పొగడ మళ్ళీ ఆమె వైపు చూడలేదు. వెళ్ళి కూతురి పక్కన పడుకుంది. సాయంత్రం పొద్దు వాలకముందే చినుకు ప్రాణం పోయింది.

దవనం నేరుగా బండ దగ్గరికి వెళ్ళి కోననంతా పిలిచింది. “నీళ్ళు చెడిపోయాయి. నాలుగు రోజులుగా నాకు తెలుసు. ఎవరూ తాగకండి” అని చెప్పింది. కంబళరాయుడు పరుగున వచ్చి, “దీనికి మతి పోయింది, నమ్మకండి” అన్నాడు. అడవిదున్నలు కొండెక్కాయి. పలకరాళ్ళు కొమ్ములతో పక్కకు నెట్టాయి. లోపల ఉన్నది అందరూ చూశారు.

ఆ రోజుతో నీటికొలువు పోయింది. కంబళరాయుణ్ణి కోన నుంచి వెళ్ళగొట్టారు. ఆయన పక్క అడవికి వెళ్ళాడు. అప్పటికే ఆయన చేసిన పని అక్కడ తెలిసిపోయింది. ఏ వాగు దగ్గర వంగినా తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కునేవారు. “దూరం పో, మా నీళ్ళు ముట్టుకోకు” అనేవారు. అంత పెద్ద శరీరం చూస్తుండగానే చిక్కిపోయింది. తర్వాత ఆయన ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలియదు.

దవనాన్ని ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఎవరూ పలకరించనూ లేదు. నిజం చివరికి చెప్పింది గనుక అడవిదున్నలు ఆమెతో, “మడుగు శుభ్రం చేయడానికి మేం సాయం వస్తాం. తర్వాత చూసుకునే పని నీదే” అన్నాయి.

అంతా కలిసి మడుగు తోడారు. పందిని తీసి దూరంగా పూడ్చారు. బండలు తోమి ఎండబెట్టారు. పాత బొంగులు పారేసి కొత్తవి వేశారు. పలకరాళ్ళు మళ్ళీ కప్పారు. సరిగ్గా ఎనిమిది రోజులు పట్టింది. ఊట నీళ్ళు మళ్ళీ నిండాయి. దవనం వాసన చూసింది. తాగి చూసింది. మూడు రోజులు ఆగి మళ్ళీ తాగింది. నీళ్ళు బాగున్నాయి.

బండెక్కి కేక వేసింది. ఒక్కరూ రాలేదు.

మర్నాడూ వేసింది. ఎవరూ రాలేదు. తొట్లు నిండి, పొర్లి, నీళ్ళు నేలపాలవుతున్నాయి. వాటి పక్కనుంచే అందరూ మండుటెండలో ఏటికి నడుస్తున్నారు. ఏరు రెండు కోసుల దూరం. దారంతా బోడి బండనేల, నీడకు ఒక్క చెట్టు లేదు.

ముసలి కొర్రయ్య కూడా తన పొట్టి కాళ్ళతో బయలుదేరాడు. దవనం ఎదురెళ్ళి బతిమాలింది.

“తాతా, నీకు అంత దూరం వద్దు. ఇప్పుడు నీళ్ళు నిజంగా బాగున్నాయి. నా మాట విను.”

“నువ్వు నిజమే చెబుతున్నావేమోనమ్మా” అన్నాడు కొర్రయ్య, కోపం లేకుండా. “కానీ నీ కేక వింటేనే నాకు కడుపులో దేవుతోంది. నేనేం చేయను?”

కొర్రయ్య ఏరు చేరలేదు. సగం దారిలో ఒక రాయికి ఆనుకుని కన్ను మూశాడు. ఆయన ఇంటి ముందు తొట్టి అప్పుడు నిండా ఉంది.

కొర్రయ్యను పూడ్చిన చోట దవనం ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. పందిని తీసేయడానికి ఎనిమిది రోజులు పట్టింది. తన మూడు కేకలను ఎవరి చెవుల్లోంచి ఎలా తీసేయాలో ఆమెకు తెలియలేదు.

ఆ తర్వాత దవనం కేక వేయడం మానేసింది. కొండ మీదికి పోయే దారిలో ముళ్ళు ఏరి పారేసింది. అడవిదున్నలతో మడుగు మీద ఒక పలకరాయి కొంచెం జరిపించి, ఏదీ పడనంత చిన్నగా, ఎవరైనా వంగి లోపలికి చూసేలా చోటు చేయించింది. రోజూ పొద్దున అందరూ ఏటికి బయలుదేరే వేళకు తొట్టి దగ్గర నిలబడి, వాళ్ళు చూస్తుండగా కడుపునిండా తాగేది. ఏమీ అనేది కాదు. కొందరు ఛీత్కరించి వెళ్ళేవారు. కొందరు తల తిప్పుకునేవారు. అలా నెల రోజులు గడిచాయి.

ఒకరోజు పొగడ వచ్చింది. ఆమె వెనక మందలోని చిన్నపిల్లలు ముగ్గురు ఉన్నారు. ఏటికి నడిచి నడిచి వాళ్ళ గిట్టలు పగిలి నెత్తురు కారుతోంది.

“నిన్ను నమ్మి రాలేదు” అంది పొగడ. “వీళ్ళు ఇక నడవలేరు. మడుగు చూడాలి.”

“చూడు” అంది దవనం.

పిల్లలు వెనకే కుంటుతూ రాగా ఇద్దరూ కొండెక్కారు. పొగడ మడుగు చుట్టూ తిరిగింది. వంగి అడుగుదాకా చూసింది. బొంగు మూతి దగ్గర వాసన చూసింది. ప్రతి రాతి సందులోనూ మూతి పెట్టి చూసింది. “నువ్వు తాగు” అంది. దవనం తాగింది. పొగడ పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా, దవనం ముఖమే చూస్తూ మధ్యాహ్నందాకా కూర్చుంది. తర్వాత లేచి వెళ్ళిపోయింది.

రెండోరోజూ అలాగే చేసింది. మూడోరోజు ముందు తను తాగింది. ఒక పూట ఆగింది. అప్పుడు పిల్లల్ని రమ్మంది. పిల్లలు ఆత్రంగా తాగుతుంటే పొగడ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆమె కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

ఆ సంగతి కోనంతా తెలిసింది. మర్నాడు కుందేళ్ళు కొండెక్కి చూసివెళ్ళాయి. తర్వాత కొండముచ్చులు వచ్చాయి. కోనవాళ్ళు కూడి ఒక కట్టుబాటు చేసుకున్నారు. రోజుకొక ఇంటివాళ్ళు వంతు వేసుకుని మడుగు చూడాలి. చూసినవాళ్ళే ముందు తాగాలి. ఏ చిన్న తేడా కనిపించినా ఆ క్షణమే అందరికీ చెప్పాలి. మడుగు మీద ఆ చోటు ఎప్పుడూ తెరిచే ఉండాలి.

మెల్లమెల్లగా తొట్ల దగ్గర సందడి మొదలైంది. ఆ తర్వాత నల్లమద్ది కోనలో నీళ్ళవల్ల ఎవరూ చావలేదు.

పొగడ వంతు వచ్చిన రోజుల్లో ఆమె, దవనం మడుగు దగ్గర ఒకే బండ మీద చెరో చివర కూర్చునేవారు. నీళ్ళ గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకునేవారు కాదు.

నీతి: నలుగురి ప్రాణాలు మన మాట మీద ఆధారపడి ఉన్నప్పుడు, తెలిసిన కీడును తెలిసిన రోజే చెప్పాలి. పోయిన నమ్మకం మాటలతో తిరిగిరాదు. దాపరికం లేకుండా, ఓపికగా, అందరి కళ్ళ ముందు పని చేస్తేనే అది కొంచెం కొంచెంగా వస్తుంది. పోయిన ప్రాణం మాత్రం ఎలాగూ రాదు.