పదింటికి మోగే బడిగంట

రండర్రా, దగ్గరగా జరగండి. ఒసే చిట్టీ, చాప మీద చోటుందిగా, ఇలా కూర్చో. పక్క పేట బడిలో తొమ్మిదింటికే గంట కొడతారనీ, మనది బద్ధకపు బడి అనీ వాళ్ళు వెక్కిరించారన్నావుగా? విను మరి.

అనగనగా ఎక్కడో కాదు, మన నేతపేటలోనే, ఒక తాటాకు పాకలో బడి ఉండేది. దానికి తాయారమ్మ అని ఒక పంతులమ్మ.

అప్పుడు ఇంటింటా మగ్గమే. పొద్దున్నే వీధి పొడుగునా కర్రల మీద పడుగు, అదే మగ్గానికెక్కించే నిలువు పోగులు, చాపి, నూలుకి గంజి పట్టించేవాళ్ళు. ఎండ ముదిరేలోగా అయిపోవాలి. తెగిన పోగులు అతకడానికి చిన్న వేళ్ళు కావాలి. అందుకని పిల్లలంతా అక్కడే. బడికొచ్చేసరికి పది.

ఒకనాడు ఇనస్పెక్టరు గారు తొమ్మిదింటికి వచ్చారు. పాకలో పంతులమ్మ ఒక్కతే! "ఖాళీ బడి" అని రాసుకుపోయారు. ఆ తర్వాత మళ్ళీ వచ్చారు. మళ్ళీ ఖాళీయే. "మూడోసారీ ఇంతే అయితే తాళం వేస్తానమ్మా" అన్నారు.

పంతులమ్మ వెళ్ళి పెద్దల్ని బతిమాలింది.

"పిల్లలు లేకపోతే పడుగు సాగదు తల్లీ, ఏం తినమంటావు?" అన్నాడు నాంచారయ్య తాత.

అదీ నిజమేగా! అప్పుడు పంతులమ్మ ఏం చేసిందీ? గోడకున్న నల్లబల్ల ఊడదీసి, నెత్తిన పెట్టుకుని, వీధిలోకి నడిచింది.

మూడోసారి ఇనస్పెక్టరు గారు వచ్చారు. ఈసారి పాకలో పంతులమ్మ కూడా లేదు! సంచిలోంచి తాళం తీశారు. అప్పుడు వీధిలోంచి పదమూడో ఎక్కం వినబడింది. వెళ్ళి చూస్తే, పడుగుకి అటూ ఇటూ పిల్లలే. చేతులు పోగులు అతుకుతున్నాయి, నోళ్ళు ఎక్కం చెబుతున్నాయి.

ఆయన పడుగుని చేత్తో పక్కకి నెట్టబోయారు.

"ముట్టుకోకండి బాబూ, గంజి తడారలేదు! కింద నుంచి దూరి రండి!" అని అరిచింది ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి.

అంత పెద్దాయనా తలపాగా తీసి చంకలో పెట్టుకుని, నడుం వంచి దూరారు! లేచి, "పదమూడు తొమ్మిదులెంతే?" అన్నారు.

"నూట పదిహేడు." ఆ పిల్ల పోగు వదల్లేదు, తలైనా ఎత్తలేదు.

ఆయన పిల్లల్ని లెక్కపెట్టారు. నలభై ఒక్కరు. "ఖాళీ బడి" అన్న మాట కొట్టేసి, "ఈ బడికి గంట పదింటికి కొట్టవలెను" అని రాశారు. తాళం సంచిలోకి పోయింది.

ఆ తర్వాత పాక పెంకుటిల్లయింది, పెంకుటిల్లు మేడయింది. మీ అమ్మలంతా అక్కడే చదివారు. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి కానీ, గంట మాత్రం పదింటికే. రేపు ఎవరైనా వెక్కిరిస్తే చెప్పండి, మా వాళ్ళు ఒక పూట పని ముగించుకుని మరీ చదివారని.

"ఆ పిల్లెవరు అమ్మమ్మా?"

ఎవరో! ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా పదమూడో ఎక్కం గడగడా చెబుతుందిలే. లేవండి లేవండి, అన్నాలు చల్లారిపోతాయి.

కథేమో కంచికి,
గంటేమో పదింటికి,
మీరేమో కంచాల ముందుకి!