తుంగమడుగూ ఆరు మూరల గొయ్యీ

అనగనగా ఒక అడవిలో, కొండ కింద పల్లంలో, తుంగమడుగు అని ఒక మడుగు ఉండేది. దాని నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున పాకే నత్తను గట్టు మీంచి చూడొచ్చు. ఆ మడుగు ఒడ్డున చుక్కమ్మ అనే నీటికుక్క కాపురం ఉండేది. నీటికుక్క అంటే మన వీధికుక్క కాదర్రా. నీళ్ళలో మునిగి చేపలు పట్టుకునే జంతువు. చుక్కమ్మకు కొత్తగా రెండు పిల్లలు పుట్టాయి. ఒకటి ఆడది, ఒకటి మగది. అవి ఇంకా కళ్ళు తెరవలేదు.

మీకొక సంగతి తెలియాలి. నీటికుక్క పిల్లలకు ఈత పుట్టుకతో రాదు. తల్లి మెడ పట్టుకుని లోతు నీళ్ళలోకి దింపి నేర్పాలి. అదీ చిన్నతనంలోనే. ఒళ్ళు పెరిగాక నీళ్ళంటే భయం పట్టుకుంటుంది.

"త్వరగా కళ్ళు తెరవండర్రా. మా అమ్మ నాకు ఈత నేర్పిన చోటే మీకూ నేర్పుతాను" అని చుక్కమ్మ రోజూ వాటి చెవుల్లో చెప్పేది.

ఇప్పుడు అసలు గొడవకు వద్దాం. ఆ అడవిలో జంతువులు ఎక్కడపడితే అక్కడ కూర్చునేవి కావు. ఇంటింటికీ ఒక మరుగు గొయ్యి ఉండేది. నవ్వకండి! మీ ఇంట్లో లేదూ?

అంతకు ముందు ఏడాది, కొండమీద ఎవరికి తోచినట్టు వాళ్ళు గోతులు పైపైన గోకి వదిలేశారు. వాన పడేసరికి మురికంతా వాగులో కలిసింది. ఆ నీళ్ళు తాగి దుప్పిపిల్లలు జబ్బుపడ్డాయి. అడవికి రాజు పెద్దపులి. అది మండిపడి చాటింపు వేయించింది.

"ఇకమీదట అడవంతటికీ ఒకటే చట్టం. ప్రతి మరుగు గొయ్యీ ఆరు మూరల లోతుండాలి. వేలెడు తగ్గినా శిక్ష తప్పదు!"

పులిని తప్పుపట్టడానికి లేదు. కొండమీద ఆ చట్టం బాగానే పనిచేసింది. చిక్కంతా పల్లంలో వచ్చింది.

పల్లంలో సోమక్క అనే ఏదుపంది ఉండేది. గోతులు తవ్వడం దాని పని. సోమక్కకు ఒక పద్ధతి ఉంది. ఎవరు గొయ్యి అడిగినా ముందు మూరెడు గుంట తీసి, బుర్రెడు నీళ్ళు పోసి, పక్కనే కూర్చుని ఉసిరికాయలు నమిలేది. మూడు కాయలు అయ్యేలోపే నీళ్ళు ఇంకిపోతే "ఇది ఉత్త ఇసుక, మురికిని ఆపదు" అనేది. పది కాయలు తిన్నా ఇంకకపోతే "ఇది జిగట నేల, పొంగిపోతుంది" అనేది. ఎన్ని ఉసిరికాయలు తిన్నా దానికి పళ్ళు పులవకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

చాటింపు వినగానే సోమక్క పల్లానికి పెద్ద అయిన మనుబోతు దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, ఇక్కడ మూడు మూరలు తవ్వేసరికే కిందినుంచి నీళ్ళు ఊరతాయి. ఆరు మూరలు తవ్వామంటే మురికి తిన్నగా మడుగులోకే పోతుంది. ఎప్పటిలాగే ఎత్తుగా మట్టి దిబ్బ పోసి, దాని మీదే గొయ్యి పెట్టుకుందాం. రాజుకు ఈ మాట చెప్పి రా" అంది.

మనుబోతు చెవులు వేలాడేసింది.

"నేను కొండెక్కి పులి ఎదుట నిలబడి, నీ చట్టం మా నేలకు పనికిరాదని చెప్పాలా? నాకున్నది ఒక్క తలే సోమక్కా. నోరు మూసుకుని తవ్వేద్దాం" అంది.

తవ్వేశారు. రాజు పంపిన తనిఖీదారు గద్ద ఆకాశంలోంచి దిగింది. ఒక్కో గోతిలో కర్ర పెట్టి చూసింది. గోతుల్లో అప్పటికే నీళ్ళు మెరుస్తున్నాయి. గద్ద వాటి ఊసెత్తలేదు. చట్టంలో నీళ్ళ మాట లేదుగా మరి!

"ఆరు మూరలు. భేష్!" అని ఎగిరిపోయింది.

మొదటి వానకే మడుగు కంపు కొట్టింది. పచ్చటి తెట్టు కట్టింది. చేపలు వెల్లకిలా తేలాయి. చుక్కమ్మ పిల్లలు కళ్ళు తెరిచింది సరిగ్గా ఆ రోజే. చుక్కమ్మ ఏడుస్తూ వాటిని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని కొండమీదికి చేర్చింది.

కొండమీద సన్నటి నీటిపాయ ఉంది. అందులో పిల్లల పొట్టలు కూడా తడవవు. బండ చివర కూర్చుంటే మాత్రం కింద మడుగు చుట్టూ తుంగ పచ్చగా కనిపిస్తుంది. చుక్కమ్మ పొద్దస్తమానం అటే చూస్తూ కూర్చునేది. లోతు నీళ్ళ కోసం దాని ఒళ్ళంతా లాగేసేది. పిల్లలేమో రోజురోజుకీ ఎదిగిపోతున్నాయి. వాటిని చూసినప్పుడల్లా దానికి బెంగ ఎక్కువయ్యేది.

ఉండబట్టలేక గద్ద దగ్గరికి వెళ్ళింది.

"గోతులన్నీ చట్టం ప్రకారమే ఉన్నాయి. నీళ్ళు పాడయ్యే అవకాశమే లేదు" అంది గద్ద.

మనుబోతు దగ్గరికి వెళ్ళింది.

"పైనుంచి వచ్చిన ఆజ్ఞ చుక్కమ్మా. మా చేతుల్లో ఏముంది?" అంది మనుబోతు.

చివరికి సొరబుర్రలో మడుగు నీళ్ళు నింపుకుని పులి దగ్గరికే వెళ్ళింది.

"తాగండి దొరా. మీ చట్టం ప్రకారం తయారైన నీళ్ళు" అంది.

పులి వాసన చూసి మొహం తిప్పుకుంది. సిగ్గుపడింది. సిగ్గుపడ్డ రాజులు ఊరికే ఉండరు, కోపం తెచ్చుకుంటారు.

"అయితే అసలు చట్టమే వద్దు! ఎవరి నేల వాళ్ళిష్టం!" అని గర్జించింది.

పల్లంలో గోతులు పూడ్చారు. సోమక్క దిబ్బలు పోసింది. నీళ్ళు కాస్త కాస్త తేరుకుంటున్నాయి. చుక్కమ్మ మూటా ముల్లే సర్దుకుంది. ఇంతలో మనుబోతు తోడల్లుడు వచ్చింది.

"పొద్దున్నే ఆ దిబ్బ ఎవరు ఎక్కుతారన్నా? మడుగు గట్టు మీదే చిన్న గుంట తీసుకుంటాను" అంది.

"మనవాడివే కదా, కానీ. ఒక్క గుంటతో ఏమవుతుంది?" అంది మనుబోతు.

దాన్ని చూసి పక్కింటి వాళ్ళు తీశారు. వాళ్ళను చూసి ఎదురింటి వాళ్ళు తీశారు. మరో వాన పడింది. మడుగు మళ్ళీ కుళ్ళిపోయింది.

చుక్కమ్మ మళ్ళీ పులి ముందుకు వెళ్ళి నిలబడింది.

"మొన్న చట్టం వద్దన్నావు. ఇప్పుడు కావాలంటావా?" అని కసిరింది పులి.

"చట్టం వద్దని నేనెప్పుడన్నాను దొరా? నా మడుగు నాకు కావాలన్నాను. మీరు గొయ్యి లోతు చూశారు. మా పెద్దయ్య చుట్టరికం చూశాడు. నీళ్ళ మొహం మాత్రం ఎవరూ చూడలేదు. నా పిల్లలు ఎదిగిపోతున్నాయి దొరా" అంది చుక్కమ్మ.

 పులి మొదటిసారిగా కొండ దిగి పల్లానికి వచ్చింది. మడుగు చూసింది. సోమక్క గుంట తీసి నీళ్ళు పోస్తే పక్కన కూర్చుని, అది ఉసిరికాయలు నమలడం అయ్యేదాకా ఓపిక పట్టింది. అప్పుడు లేచి అందరికీ వినపడేలా చెప్పింది.

"నీళ్ళు చెడగూడదు. ఈ మాట అడవంతటికీ ఒకటే. ఎవరి తోడల్లుడైనా సరే, తప్పితే ఊరుకోను. గొయ్యి ఎంత లోతు, ఎక్కడ పెట్టాలి, దిబ్బ పొయ్యాలా అన్నది ఆ నేల తెలిసినవాళ్ళు తేల్చండి. గద్దా, నువ్వా కర్ర పారేసి ఇకమీదట నీళ్ళు చూడు."

గట్టు మీది గుంటలన్నీ పూడ్చారు. తోడల్లుడు దిబ్బ ఎక్కడం నేర్చుకుంది.

"ఇక ఎన్నాళ్ళు సోమక్కా?" అని చుక్కమ్మ అడిగింది.

"నేల తనను తాను కడుక్కోవాలి తల్లీ. దాన్ని తొందరపెట్టడం నా వల్ల కాదు" అంది సోమక్క.

ఏడాది గడిచింది. ఒక పొద్దున మడుగు అడుగున నత్త కనిపించిందని కబురొచ్చింది. చుక్కమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని పరుగున కొండ దిగింది. వచ్చిందే తడవుగా నీళ్ళలోకి దూకింది. మునిగింది, తేలింది, గిరగిరా తిరిగింది.

"రండర్రా! దూకండి!" అని కేక పెట్టింది.

పిల్లలు గట్టు మీదే ఆగిపోయాయి. అప్పటికవి తల్లంత అయ్యాయి.

"లోతుగా ఉందమ్మా. భయమేస్తోంది" అంది ఆడపిల్ల.

"నువ్వు ఆడుకో అమ్మా. మేమిక్కడ కూర్చుని చూస్తాంలే" అంది మగపిల్ల.

సోమక్క అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. మనుబోతు తల దించుకుంది. ఇన్నాళ్ళూ కలవరించిన నీళ్ళ నడుమ చుక్కమ్మ కదలకుండా ఉండిపోయింది. తర్వాత మెల్లగా గట్టుకు వచ్చి పిల్లల పక్కన కూర్చుంది.

"సరే. ఇవాళ్టికి కాళ్ళు తడుపుకోండి, చాలు" అంది.

పిల్లలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఒక్కో కాలు నీళ్ళలో పెట్టాయి.

నీతి: నీళ్ళు చెడగూడదన్న కట్టడి అందరికీ ఒక్కటిగా ఉండాలి, దాన్ని నిలబెట్టే దారి ఆ నేల ఎరిగినవాళ్ళు చెప్పాలి. ఆ సంగతి పెద్దలు ఆలస్యంగా తెలుసుకుంటే, పోగొట్టుకునేది పిల్లలు.