తోమిన నాణేలు

బందరులో కోదండపాణి అనే పెద్దమనిషి ఉండేవాడు. ఆయనకు తెలిసిన సంగతులు బోలెడు, కాని వాటిలో ఒక్కటి కూడా ఇంకొకరికి చెప్పేవాడు కాదు.

వయసులో ఉండగా ఆయన సరుకుల ఓడల మీద ఉద్యోగం చేశాడు. ఓడ యూరప్‌లో ఏ రేవులో ఆగినా తోటివాళ్ళు సెంట్లూ చాక్లెట్లూ కొనుక్కునేవారు. ఈయన మాత్రం స్మారక నాణేలు కొనేవాడు. అక్కడి దేశాలు తమ సంగీతాన్నీ, తోలుబొమ్మల్లాంటి ఆటల్నీ, పాత చర్చీలనూ, వంతెనలనూ తలుచుకుంటూ వెండితోనూ బంగారంతోనూ నాణేలు ముద్రిస్తాయి. వాటితో బజారులో ఎవరూ కూరలు కొనరు. దాచుకుని చూసుకోవడానికే అవి.

కోదండపాణి కూడా దాచుకున్నాడు, చూసుకున్నాడు. ఇంకొకరికి మాత్రం చూపించలేదు. వాటి కోసం టేకు బీరువా ఒకటి చేయించి, సొరుగుల్లో మఖమల్ గుడ్డ పరిచి, ఒక్కొక్క నాణేన్నీ దాని గుంటలో పడుకోబెట్టాడు. బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు. స్నానానికి వెళ్ళినా అది ఆయనతోనే వెళ్ళేది.

ఒకసారి సొరుగు తెరిచి ఉన్న వేళకు ఎదురింటి సైన్సు మేష్టారు వచ్చి, ఒక నాణెం కంటబడితే ఉండబట్టలేక అడిగాడు.

“ఈ చక్రాల మిషను బొమ్మ ఏమిటండీ, పాణిగారూ?”

“అదో పెద్ద కథ లెండి,” అన్నాడు కోదండపాణి.

“చెప్పండి, వింటాను.”

“చెప్పినా మీకు అందదు,” అని సొరుగు మూసేశాడు.

చెబితే అరిగిపోతుందా విద్య? ఆయన దృష్టిలో అరిగిపోతుంది. తనకొక్కడికే తెలిసి ఉండటంలో ఆయనకు జున్ను తిన్నంత సుఖం ఉండేది. మేష్టారు మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

బయటివాళ్ళ సంగతి అలా ఉంచండి. ఆయన భార్య మాణిక్యాంబకు కూడా ఆ బీరువా అంతుపట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ముచ్చటపడి అడిగేది. “ఏవండీ, ఈ ఫిడేలు వాయించే ఆయన ఎవరు? ఈ గాలిమర ఏ ఊళ్ళోది?” అనేది. “నీకెందుకే అవన్నీ? నీ పని నువ్వు చూసుకో,” అనేవాడు. అడిగీ అడిగీ ఆవిడ మానేసింది.

ఒక్క నాణెం సంగతి మాత్రం ఆయన నోరు జారి చెప్పాడు. మాణిక్యాంబ పుట్టిల్లు నరసాపురం. ఆ పక్క ఆడవాళ్ళందరిలాగే ఆవిడ కూడా చిన్నప్పటి నుంచీ లేసు అల్లేది. ఓ సాయంత్రం ఆవిడ వరండాలో కూర్చుని టేబులు గుడ్డ అల్లుతుంటే, కోదండపాణి ఏ కళన ఉన్నాడో, ఓ వెండి నాణెం అరచేతిలో పెట్టుకుని వచ్చాడు. దాని మీద ఒక ముసలమ్మ కిటికీ దగ్గర కూర్చుని లేసు అల్లుతోంది.

“చూశావా, మీ నరసాపురం పనే. వాళ్ళ దేశంలో దీనికి నాణెం వేశారు,” అన్నాడు.

“ఆహా! ఎంత బాగా చెక్కారండీ! కన్నాలు కూడా కనిపిస్తున్నాయి,” అంది మాణిక్యాంబ.

“కనిపించాలనే టంకశాలవాళ్ళు ఆ కన్నాల్లో నలుపు పెట్టారు. అది మాసినది కాదు, కావాలని పెట్టింది. ఆ నలుపు పోయిందా, అల్లికా పోతుంది, నాణెం విలువా పోతుంది.”

ఆవిడ చాలాసేపు చూసి, అంచులు పట్టుకుని జాగ్రత్తగా తిరిగిచ్చింది. ఆ ముసలమ్మ గురించి ఇంకా ఏదో అడగబోయింది. అప్పటికే ఆయన లోపలికి వెళ్ళి బీరువాకు తాళం వేసుకున్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. ఆయన ఉద్యోగం మాని ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో, విజయవాడ నుంచి హైమవతి అనే అధికారిణి ఫోను చేసింది. అక్కడ కొత్తగా నాణేల ప్రదర్శనశాల పెడుతున్నారు. దాని బాధ్యత ఆవిడదే.

“మీ దగ్గర యూరప్ నాణేల సెట్టు ఉందని విన్నామండీ. నేనొచ్చి చూస్తాను. అవి టంకశాల నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉంటే ఒక గది మొత్తం వాటికే ఇస్తాం. గుమ్మం మీద మీ పేరు రాయిస్తాం,” అంది.

కోదండపాణికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ చూపించని మనిషికి ఊరందరూ చూడాలన్న కోరిక ఒక్కసారిగా పుట్టుకొచ్చింది. గుమ్మం మీద తన పేరు పెద్ద అక్షరాలతో కళ్ళ ముందు ఆడింది. అంత సంతోషంలోనూ భార్యకు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. అలవాటు అలాంటిది.

హైమవతి వస్తానన్నది శ్రావణ శుక్రవారం నాడు. తానే వెళ్ళి కారులో తీసుకురావాలని కోదండపాణి గురువారం పొద్దున్నే బయల్దేరాడు. వెళుతూ వెళుతూ, ఎన్నడూ లేనిది, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి భార్య చేతికిచ్చాడు.

“రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు. బీరువా చూస్తారు. శుభ్రం చేసి పెట్టు. అంతా తళతళలాడాలి. ఎక్కడా నలుపన్నది కనబడకూడదు,” అన్నాడు.

“ఎవరండీ వచ్చేది? దేనికి?” అంది మాణిక్యాంబ.

“నీకెందుకే? చెప్పింది చెయ్యి,” అని కారెక్కాడు.

ఆయన ఉద్దేశం బీరువా అద్దాలూ, ఇత్తడి పిడులూ తుడవమని. ఆ ముక్క నోటితో అని ఉంటే ఈ కథే లేదు.

మర్నాడు వరలక్ష్మీ వ్రతం. ఆ వీధిలో వెండి తోమడంలో మాణిక్యాంబను మించినవాళ్ళు లేరు. పెరట్లో పీట వేసుకుని కూర్చుని కుందులూ, పంచపాత్రా, గంధపు గిన్నే వరసగా తోముకుంది. తర్వాత బీరువా తెరిచింది. అద్దాలు తుడిచి, సొరుగు లాగింది. వెండి బిళ్ళలన్నీ మూలమూలలా నల్లగా ఉన్నాయి. చర్చి గోడల్లో నలుపు, వంతెన కింద నలుపు, గాలిమర రెక్కల సందుల్లో నలుపు.

“అయ్యో రామ! మగవాళ్ళ సంరక్షణ ఇలాగే ఏడుస్తుంది,” అనుకుంది.

బంగారు బిళ్ళలతో కలిపి చింతపండు పులుసులో వాటిని నానేసింది. విబూది అద్ది, బొటనవేలితో నొక్కి మరీ తోమింది. కడిగి, పాత పంచె ముక్కతో పొడిగా తుడిచింది. ఎక్కడివక్కడ మఖమల్ మీద సర్దేసరికి మెడ పట్టేసింది. అయినా సొరుగు చూస్తే ఆవిడకే ముద్దొచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నానికి కోదండపాణి హైమవతిని వెంటబెట్టుకుని వచ్చాడు. దారి పొడుగునా తన సెట్టు గురించే చెప్పాడు. ఇంట్లో చెప్పని కబుర్లన్నీ కారులో చెప్పాడు.

గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఎదురుగా వ్రతం పీట. కలశం ముందు తమలపాకులో ఆయన బంగారు నాణెం! దాని మీద పెద్ద వాద్యం మీటుతున్న ఒక గాయని ఉంది. ఆవిడ నుదుట కుంకుమ బొట్టు, బుగ్గలకు పసుపు.

“ఇదేమిటే!” అన్నాడు కోదండపాణి.

“వీణ పట్టుకుంది కదా, సరస్వతీదేవి అనుకున్నానండీ. పండగ పూట బొట్టు లేకుండా సొరుగులో ఎందుకని తెచ్చి పెట్టాను.”

హైమవతికి నవ్వాగలేదు. “ఆవిడ సరస్వతి కాదమ్మా. వాళ్ళ దేశంలో పేరున్న పాటగత్తె.”

“ఎవరైతేనేం, సంగీతం తెలిసిన తల్లేగా,” అంది మాణిక్యాంబ.

కోదండపాణి అప్పటికే బీరువా దగ్గరికి పరుగెత్తాడు. సొరుగు లాగాడు. వెండి నాణేలన్నీ కొత్త గిన్నెల్లా తెల్లగా మెరుస్తున్నాయి. చర్చికి గోడలున్నాయో లేవో తెలియడం లేదు. ఫిడేలు ఆయనకు ముక్కు అరిగిపోయింది. అద్దంలా నున్నగా ఉండాల్సిన చోటల్లా సన్నని గీతలు.

“ఎంత పని చేశావే! కొంప ముంచావు కదే!” అని అరిచాడు.

మాణిక్యాంబ బిత్తరపోయింది. “నలుపు కనబడకూడదన్నారుగా!”

హైమవతి నాణేలను ఒక్కొక్కటే అంచులు పట్టుకుని చూసింది. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది.

“అమ్మా, వీటిని తోమకూడదని మీకు తెలియదా?”

“ఎలా తెలుస్తుందమ్మా? నాకూ తెలుసుకోవాలనే ఉండేది. అడిగినప్పుడల్లా నీకెందుకన్నారు. నిన్న కూడా అడిగాను. ఆయన్నే అడగండి.”



హైమవతి చిట్టచివరి సొరుగు లాగి ఆగిపోయింది. అందులో లేసు అల్లే ముసలమ్మ ఉంది. కన్నాల్లో నలుపు అలాగే ఉంది. దారం పోగులు లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉన్నాయి.

“మరి దీన్నొక్కదాన్నీ తోమలేదేమమ్మా?”

“దాని సంగతి ఆయన చెప్పారుగా,” అంది మాణిక్యాంబ. “కన్నాలు కనబడాలని వాళ్ళే నలుపు పెట్టారట. అందుకని చెయ్యి కూడా వెయ్యలేదు. మిగతావాటిలో లేసు లేదు కదమ్మా. అది మురికనుకున్నాను.”

కోదండపాణి కుర్చీలో కూలబడ్డాడు. నాణేలు పోయాయన్న బాధ కంటే ఆ మాటే ఆయనకు ఎక్కువ తగిలింది. ఒక సాయంత్రం నాలుగు ముక్కలు చెప్పినందుకు ఒక నాణెం బతికింది. మిగతా సాయంత్రాలన్నీ ఆయన ఏం చేశాడు? తాళం వేసుకున్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

“ఏమీ అనుకోకండి, పాణిగారూ. తోమిన నాణేలకు గది ఇవ్వలేం,” అంది హైమవతి. “ఈ ఒక్కటీ తీసుకెళతాను. మిగతా దేశాల నాణేల మధ్య అద్దాల పెట్టెలో పెడతాం. పక్కన చిన్న అట్టముక్క మీద మీ పేరు ఉంటుంది.”

కోదండపాణి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

“నా పేరు వద్దండీ. మాణిక్యాంబ, నరసాపురం అని రాయండి. కొన్నది నేనే కాని, కాపాడింది ఆవిడ.”

“నా పేరెందుకండీ?” అంది మాణిక్యాంబ సిగ్గుపడుతూ. కాని వద్దనలేదు.

అతిథిని పంపించి వచ్చాక కోదండపాణి సొరుగులన్నీ లాగి వరండాలో పరిచాడు. భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఫిడేలు ఆయన ఎవరో చెప్పాడు. గాలిమర ఎందుకు కట్టారో చెప్పాడు. చక్రాల మిషను పుస్తకాలు అచ్చువేసేదని చెప్పాడు. దాని దగ్గరికి వచ్చేసరికి లేచి, ఎదురింటికి వెళ్ళి, సైన్సు మేష్టారిని కూడా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు.

మాణిక్యాంబ అరిగిన నాణేన్ని ఒళ్ళో పెట్టుకుని నిట్టూర్చింది.

“ఇంత కథ ఉందని ముందే చెప్పి ఉంటే, దీనికి విబూది తగలనిచ్చేదాన్నా?”

“నిజమే,” అన్నాడు కోదండపాణి. తాళంచెవి మళ్ళీ మొలతాడుకు కట్టుకోలేదు, గోడ మేకుకు తగిలించాడు.

విలువ చెప్పకుండా దాచిపెట్టినదాన్ని ఇంట్లోవాళ్ళయినా కాపాడలేరు; నలుగురికీ చెప్పిందే నాలుగు కాలాలు నిలుస్తుంది.