పేరిందేవమ్మ వంట

వంశధార ఒడ్డున మఠంలో శాంతబోధ స్వామి ఉండేవారు. ఎవరేమడిగినా వెంటనే జవాబివ్వడం ఆయనకు అలవాటు లేదు. ఒకనాడు శిష్యుడు కేదారుడు వచ్చి, "స్వామీ, ఎన్ని ఉపవాసాలు చేస్తే చేసిన తప్పు తుడిచిపెట్టుకుపోతుంది?" అని అడిగాడు. అప్పటికే ఒంటిపూట భోజనంతో చిక్కి సగమయ్యాడు.

అతని తప్పు మఠంలో అందరికీ తెలిసిందే. పూజలోని వెండి పంచపాత్ర కనబడకపోతే, వంటచేసే పేరిందేవమ్మ తీసిందని భోజనాల పంక్తిలో అన్నాడు. కళ్లారా చూశానని కూడా అన్నాడు. నిజానికి చూడలేదు. ఆవిడ ఏడుస్తూ వెళ్లిపోయింది. తర్వాత పంచపాత్ర నిర్మాల్యం బుట్ట అడుగున దొరికింది.

"రేపు పొద్దున నాతో రా" అన్నారు స్వామి.

పేరిందేవమ్మ పొరుగూళ్లో తమ్ముడింట్లో ఉంటోంది. దొంగ అన్న పేరు ఆవిడకంటే ముందే ఆ ఊరు చేరింది. మరదలు వంటింట్లోకి రానివ్వదు. వీళ్లు వెళ్లేసరికి ఆవిడ వీధి అరుగుమీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. కేదారుడు కాళ్లమీద పడి, క్షమించమని గొంతు తగ్గించి వేడుకున్నాడు.

ఆవిడ చెయ్యి ఆపలేదు. "ఆ మాట పంక్తిలో అందరూ వినేటట్టు అన్నావు నాయనా. ఈ మాట ఎవరికి వినబడుతుందని?"

అతను తలవంచుకుని లేచాడు. వీధి మధ్యకు వెళ్లి కేకవేసి నలుగురినీ పిలిచాడు. "ఈవిడ దొంగ కాదు. నేను అబద్ధమాడాను" అన్నాడు. కొందరు విని జాలిపడ్డారు. ఒకాయన మాత్రం, "నిప్పు లేనిదే పొగ రాదులే" అనుకుంటూ వెళ్లిపోయాడు. మరదలు గుమ్మంలోంచి అంతా విని, లోపలికి పోయి పొయ్యి రాజేసుకుంది.

"మఠానికి వచ్చెయ్యమ్మా" అన్నారు స్వామి.

పేరిందేవమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకిప్పుడు వంట రాదు స్వామీ. ఉప్పు వెయ్యబోతూ కూడా వెనకెవరైనా చూస్తున్నారేమోనని తిరిగి చూస్తాను."

ఇద్దరూ తిరుగుదారి పట్టారు. మఠం కనుచూపుమేరలోకి వచ్చాక కేదారుడు నిట్టూర్చి, "ఇన్నాళ్లకు నా మనసు తేలికపడింది స్వామీ" అన్నాడు.

స్వామి ఆగి అతనివైపు చూశారు.

"ఆవిడ సంగతి ఎత్తుతావేమోనని ఇంతదూరమూ ఎదురుచూశాను నాయనా" అన్నారు.